మంది ఎక్కువా? గది ఇరుకా?

"మందెక్కువైతే మజ్జిగ పలచన" అని మనకో సామెత ఉంది. పెళ్లి భోజనాల దగ్గర పుట్టిన మాట అయ్యుంటుంది. ఇప్పుడు దేశం గురించి మాట్లాడాలన్నా అదే వాడేస్తున్నాం. బస్సులో సీటు దొరకలేదంటే జనాభా ఎక్కువ. ఆస్పత్రిలో మంచం దొరకలేదంటే జనాభా ఎక్కువ. కరోనా అన్ని ఇళ్లకీ ఎందుకు పాకిందంటే దానికీ అదే సమాధానం. "ఇంత జనాభా ఉన్న దేశంలో ఎవరు మాత్రం ఏం చేయగలరు?" అని ఒకరు అన్నాక ఇంక చర్చ కదలదు. అందరూ తలూపి టీ తాగేసి లేచిపోతారు.

ఈ వాదనకి పెద్ద వంశమే ఉంది. 1798లో ఇంగ్లండులో థామస్ మాల్థస్ అనే ఆయన జనాభా సూత్రం మీద ఒక పుస్తకం రాశాడు. తిండి పెరిగే వేగం కంటే మనుషులు పెరిగే వేగం ఎక్కువ, ఆ తేడాని కరువులూ రోగాలూ వచ్చి సరిచేస్తాయి అన్నది అందులో సారం. అంటే మహమ్మారి అనేది జనాభాకి ప్రకృతి వేసే కోత అన్నమాట. మనం టీ కొట్టు దగ్గర అనేది కూడా ఇదే, మాల్థస్ పేరు తెలియకపోయినా.

ఈ మాట ఎంతవరకు నిజమో ఒక ఊరి చరిత్ర తీసుకుని చూద్దాం. నేను ఎంచుకున్నది బొంబాయి. 1896లో అక్కడికి ప్లేగు వచ్చింది. ఎంచుకోవడానికి రెండు కారణాలు. ఒకటి, జనం కిక్కిరిసిన నగరం, మహమ్మారి, ప్రభుత్వం, ఇంజనీర్లు, నలుగురూ ఒకేచోట కనిపించే కథ ఇది. రెండు, అందులో మనవాళ్లు కూడా ఉన్నారు. బొంబాయిలో కామాఠీపురా అనే పేటకి ఆ పేరు వచ్చింది కామాఠీల వల్ల. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి ఇళ్లు కట్టే పనికి, రోడ్లు వేసే పనికి వెళ్లిన కూలీలు వాళ్లు. నగరం కట్టిన చేతుల్లో తెలుగు చేతులు చాలానే ఉన్నాయి.

1896 సెప్టెంబరు. రేవుకి దగ్గరగా ఉండే మాండ్వీ పేటలో అకాసియో గాబ్రియెల్ వియెగస్ అనే గోవా డాక్టరు కొందరు జ్వరం రోగుల్ని చూశాడు. తీవ్రమైన జ్వరం, గజ్జల్లో బిళ్లలు కట్టడం, రోజుల్లోనే చావు. ఇది ప్లేగు అని ఆయన తేల్చి చెప్పాడు. రెండేళ్ల ముందు హాంకాంగులో ఇదే రోగం విజృంభించింది, ఓడల దారిలో ఇక్కడికీ వచ్చిందని అనుకున్నారు. మాండ్వీ అంటే ధాన్యం గోదాముల పేట. కింద బస్తాలు, పైన మనుషులు, మధ్యలో ఎలుకలు.

అప్పటి బొంబాయి జనాభా 1891 లెక్కల ప్రకారం సుమారు 8 లక్షల 21 వేలు. ఇవాళ్టి మన విజయవాడ కంటే కూడా చిన్న ఊరు! ఈ అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. దేశమంతా కలిపినా ఇప్పటి దేశంలో ఐదో వంతో, అంతకన్నా కాస్త తక్కువో ఉన్న రోజులవి. అయినా అప్పటి అధికారుల రాతల్లో ప్రతి పేజీలో వినిపించే ఫిర్యాదు "జనం ఎక్కువైపోయారు" అనే.

ఊళ్లో జనం ఎక్కువా? నిజానికి ఎక్కువైంది ఊళ్లో కాదు, గదిలో. నగరంలో అత్యధికులు ఒంటి గది ఇళ్లలో ఉండేవారు. చాల్ అంటారే, పొడుగాటి వరండా, దాని వెంట వరసగా గదులు, చివర్లో అందరికీ కలిపి ఒక నల్లా, ఒక మరుగుదొడ్ల వరస. అద్దె భరించలేక ఒక్కో గదిని ఒకటికి మించిన కుటుంబాలు పంచుకునేవి. మిల్లు కూలీలైతే వంతులవారీగా పడుకునేవారు. లోపలి గదులకి కిటికీ ఉండేది కాదు, పట్టపగలు కూడా దీపం పెట్టుకోవాలి.

మరి వీళ్లందరూ కాస్త దూరంగా పోయి ఉండొచ్చు కదా? ఉండలేరు. మిల్లులో పొద్దు పొడవక ముందే చేరాలి, పొద్దు గుంకాక బయటపడాలి. మిల్లుల్లో వయసొచ్చిన మగవాళ్ల పని గంటలకి ఒక హద్దు పెట్టింది 1911 చట్టం, అదీ రోజుకి 12 గంటలు. రేవులో పని ఎప్పుడు దొరుకుతుందో తెలియదు, తెల్లారేసరికి గేటు దగ్గర నిలబడి ఉండాలి. బొంబాయికి కరెంటు ట్రాములు వచ్చింది 1907లో. అంతకు ముందు కూలివాడి వాహనం అతని కాళ్లే. కాబట్టి అతని ఇల్లు పనికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండి తీరాలి. ఆ నడక దూరంలో ఉన్న భూమి కొద్దిపాటిది, దాని యజమానులు కొద్దిమంది, అద్దె వాళ్లు చెప్పిందే. ఇరుకు పుట్టింది ఇక్కడ. పిల్లల్ని ఎక్కువమందిని కన్నందువల్ల కాదు. నిజానికి ఆనాటి బొంబాయి జనంలో మగవాళ్లే చాలా ఎక్కువ, కుటుంబాల్ని ఊళ్లో వదిలి వచ్చిన వాళ్లు.

ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. మన మ్యాగజైనులో లెక్కలేంటి అని తిట్టుకోకండి, ఎంతైనా ఇంజనీరింగ్ కాలేజీ కదా.

ఒక ఊళ్లో 100 గదులు, 400 మంది ఉన్నారనుకోండి. గదికి సగటున నలుగురు. మొదటి పద్ధతిలో నిజంగానే ప్రతి గదిలో నలుగురే ఉన్నారు. రెండో పద్ధతిలో 50 గదుల్లో ఒక్కొక్కరు, మిగతా 50 గదుల్లో ఏడేసి మంది. మొత్తం చూస్తే 50, 350 కలిపి 400. గదికి సగటు మళ్లీ నాలుగే. జనాభా అదే, విస్తీర్ణం అదే, జనసాంద్రత అదే. పేపర్లో వచ్చే అంకె ఏదీ మారలేదు.

ఇప్పుడు రోగం వైపు నుంచి చూడండి. ఒకరి నుంచి ఒకరికి అంటే, గదిలో ఉన్న ఇద్దరిద్దరి జతలు లెక్కపెట్టాలి. నలుగురున్న గదిలో 6 జతలు, వంద గదుల్లో 600. ఏడుగురున్న గదిలో 21 జతలు, యాభై గదుల్లో 1050. ఒంటరిగా ఉన్నవాడి గదిలో సున్నా. సగటు మారకుండానే రోగానికి దారులు ఇంచుమించు రెట్టింపయ్యాయి. ఇంకో సంగతి గమనించండి. ఈ రెండో ఊళ్లో మనుషుల్ని తీసి మీ గదిలో ఎంతమంది అని అడిగితే ఎనిమిది మందిలో ఏడుగురు "ఏడుగురం" అంటారు. గదుల్ని తలుపు తట్టి లెక్కపెట్టే అధికారికి మాత్రం సగం గదులు ఖాళీగా, హాయిగా కనిపిస్తాయి. సగటు ఎవరి అనుభవమూ కాదు. రెండో ఊళ్లో నలుగురున్న గది ఒక్కటి కూడా లేదు చూశారా?

ప్లేగు విషయంలో ఈ లెక్క కూడా పూర్తిగా పనికిరాదని ఒప్పుకోవాలి. ఎందుకంటే గజ్జల్లో బిళ్ల కట్టే రకం ప్లేగు సాధారణంగా మనిషి నుంచి మనిషికి నేరుగా రాదు. ఎలుకల ఒంటి మీద రక్తం తాగి బతికే పురుగులుంటాయి, గెంతే రకం. ఎలుక చస్తే అవి దాన్ని వదిలి దగ్గర్లో ఉన్న వెచ్చని ఒంటి మీదికి చేరతాయి. ఈ సంగతిని పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లో కరాచీలో చేసిన ప్రయోగంతో చూపించాడు. చాలాకాలం ఎవరూ నమ్మలేదు. అంటే ప్లేగుకి కావాల్సింది మనుషుల గుంపు కాదు, మనిషీ ఎలుకా ఒకే కప్పు కింద పడుకోవడం. ధాన్యం బస్తాల పైఅంతస్తులో, కిటికీ లేని గదిలో ఎవరు పడుకుంటారు? అంతకంటే మంచి గదికి అద్దె కట్టలేనివాళ్లు.

ఇది తెలియని ప్రభుత్వం ఏం చేసింది? గుంపునే శత్రువు అనుకుంది. 1897 ఫిబ్రవరి 4న అంటురోగాల చట్టం వచ్చింది. నాలుగంటే నాలుగు సెక్షన్లు. రోగాన్ని ఆపడానికి ప్రభుత్వం అవసరమనుకున్న ఏ నిబంధనైనా పెట్టొచ్చు. పాటించని వాళ్లకి శిక్ష. మంచి ఉద్దేశంతో చేశామంటే అధికారి మీద ఏ దావా వేయడానికీ వీల్లేదు. అయిపోయింది. రోగికి ఏం హక్కులుంటాయి, ఇల్లు కోల్పోయిన వాడికి ఏం ఇస్తారు అని స్పష్టంగా ఎక్కడా చెప్పలేదు.

ఈ చట్టం చేతికి రాకముందే పని మొదలైంది. మనుషుల్ని ఇళ్లలోంచి లాగి ఆస్పత్రికి తీసుకెళ్లడం, ఇంట్లో మిగతావాళ్లని శిబిరాలకి తరలించడం, సామాన్లు కాల్చడం, గోడలకి సున్నం కొట్టడం, కాలవల్లోకి కార్బాలిక్ ఆసిడ్ గుమ్మరించడం, వెలుతురు కోసం పైకప్పుకి కన్నాలు పెట్టడం. నివాసానికి పనికిరాని ఇళ్ల గోడల మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసేవారు, యు.హెచ్.హెచ్. అని. ఇళ్లు కడిగి, కాలవలు మందులతో నింపితే ఎలుకలు ఊరుకుంటాయా? పక్క ఇంటికి పోతాయి. రోగాన్ని తరుముతున్నామనుకుని దాన్ని వీధి వీధికీ నడిపించి ఉంటారని తర్వాత రాసినవాళ్లు అన్నారు.

సమాజం మీద పడిన దెబ్బ ఇక్కడి నుంచే మొదలు. 1896 అక్టోబరులో వందలాది మిల్లు కూలీలు ఆర్థర్ రోడ్డు ఆస్పత్రి మీద పడ్డారు. ఆస్పత్రికి పోయినవాడు తిరిగి రాడు అన్నది అప్పటి నమ్మకం. పూర్తిగా అబద్ధమూ కాదు. భయపడి ఆఖరి క్షణం దాకా దాచిపెట్టేవారు, ఆఖరి క్షణంలో తెచ్చిన రోగి చనిపోయేవాడు, ఆ చావు చూసి ఇంకొకరు ఇంకా గట్టిగా దాచేవారు. మనం కంట్రోల్ సిస్టమ్స్‌లో చదువుకునే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అచ్చం ఇదే, ఇక్కడ పెరుగుతున్నది అనుమానం. రోగుల్ని బీరువాల్లో, అటకల మీద దాచేదాకా వెళ్లిందట. చావుల్ని వేరే జ్వరం పేరుతో రాయించేవారు. అలా ప్రభుత్వం చేతిలో ఉన్న లెక్కే తప్పుల తడక అయింది.

పుణేలో ఇంకా ముదిరింది. ప్లేగు కమిటీకి అధిపతిగా వచ్చిన డబ్ల్యూ.సి. రాండ్ సైనికుల్ని ఇళ్లలోకి పంపించాడు. వంటగదుల్లోకి, దేవుడి గదుల్లోకి బూట్లతో వెళ్లడం, ఆడవాళ్లని పరీక్ష పేరుతో అవమానించడం. 1897 జూన్ 22న విక్టోరియా రాణి వజ్రోత్సవం రాత్రి చాపేకర్ సోదరులు అతన్ని కాల్చారు. వెంట ఉన్న లెఫ్టినెంట్ ఐరెస్ట్ అక్కడే చనిపోయాడు, రాండ్ కొద్ది రోజులకి పోయాడు. ఆ ఏడాదే తిలక్‌ని రాజద్రోహం కింద 18 నెలలు జైల్లో పెట్టారు. మన స్వాతంత్ర్య పోరాటం పాఠంలో ఈ ఘట్టం చదువుకున్నాం. కానీ దాని వెనక ఉన్నది ఒక క్వారంటైన్ పద్ధతి అని ఎవరూ చెప్పినట్టు నాకు గుర్తులేదు.

అదే పుణేలో, అదే 1897లో సావిత్రిబాయి ఫూలే ప్లేగు రోగుల్ని మోసుకెళ్లి సేవ చేస్తూ తనకే ఆ రోగం సోకి మార్చి 10న కన్నుమూశారు. ఒకే ఊరు, ఒకే రోగం, కొన్ని నెలల తేడా. ఒకరు రోగిని ఇంట్లోంచి తీసుకెళ్తే ప్రాణం పెట్టడం అయింది, ఇంకొకరు తీసుకెళ్తే ప్రాణం తీసేంత కోపం వచ్చింది. చేసిన పని పైకి ఒకటే, రోగిని వేరు చేయడం. ఆ తేడాని ఏ చట్టంలో ఏ సెక్షన్‌గా రాయాలో నాకైతే తెలియదు. ప్రభుత్వానికి కూడా కొంత అర్థమైనట్టే ఉంది. తర్వాతి ఏళ్లలో బలవంతం తగ్గించి, కులాలవారీగా మతాలవారీగా సొంత ఆస్పత్రులు పెట్టుకోనిచ్చింది. హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త అదే బొంబాయిలో తయారుచేసిన టీకాని (1897 జనవరిలో ముందు తన ఒంటి మీదే పొడుచుకున్నాడు) ఇష్టమైనవాళ్లకి వేయడం మొదలుపెట్టింది.

ఇంతలో బొంబాయి సగం ఖాళీ అయింది. 1897 ఫిబ్రవరి నాటికి దాదాపు సగం జనం ఊరు విడిచారు. రైళ్లెక్కి, పడవలెక్కి, నడిచి. అప్పుడొక విచిత్రం. అప్పటిదాకా కూలివాడి జీతం నెల తిరిగాక, ఇంకొన్ని వారాలు బిగబట్టి ఇచ్చే మిల్లు యజమానులు, ఇప్పుడు ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తామన్నారు. వీధి మొగల్లో నిలబడి కూలీల కోసం ఒకరి మీద ఒకరు పాట పెంచుకున్నారు. కొన్ని నెలల పాటు కూలివాడు ధర చెప్పాడు! మాల్థస్ అభిమానులు ఇక్కడ చప్పట్లు కొడతారు, "చూశారా, మంది తగ్గితే మజ్జిగ చిక్కబడింది" అని. కానీ చిక్కదనం నిలవలేదు. ప్లేగు తగ్గుముఖం పట్టగానే పాత పద్ధతులు తిరిగొచ్చాయి. ఇంగ్లండులోనూ ఇంతే. 1348 ప్లేగు తర్వాత కూలి రేట్లు పెరుగుతుంటే, ప్లేగుకి ముందున్న రేటు దాటి ఎవరూ అడగకూడదని 1351లో ఏకంగా చట్టం చేశారు. మంది తగ్గినంత మాత్రాన మజ్జిగ చిక్కబడదు. గరిటె ఎవరి చేతిలో ఉందో అది కూడా చూడాలి.

ఇప్పుడు మన ఇంజనీర్ల వంతు. నేను సివిల్ వాణ్ణి కాబట్టి ఈ భాగం నాకు కాస్త గుచ్చుకుంటుంది. 1898లో బొంబాయి నగర అభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. ఉద్దేశం మంచిదే. ఇరుకు పేటల్ని కూల్చి, విశాలమైన రోడ్లు వేసి, సముద్రపు గాలి ఊళ్లోకి రప్పించాలి. ప్రిన్సెస్ స్ట్రీటు, శాండ్‌హర్స్ట్ రోడ్డు అలా వచ్చినవే. గాలి బాగా ఆడితే రోగం పోతుందన్నది అప్పటి సిద్ధాంతం. రోడ్లు చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. దాదర్, మాతుంగా వైపు కొత్త కాలనీలు కూడా చక్కని లేఅవుట్లు.

చిక్కేమిటంటే కూల్చిన వేగంతో కూలివాళ్లకి కట్టలేదు. ఇల్లు పోయినవాడు దాదర్ కాలనీకి పోలేడు, పని ఇక్కడే ఉంది. కాబట్టి పక్క సందులోని చాల్‌లోకి చేరాడు. అక్కడ గదికి ఐదుగురుంటే ఏడుగురయ్యారు. పై లెక్కలో చూశాం, ఐదుగురికి 10 జతలు, ఏడుగురికి 21. ఒక వీధిలో గాలి ఆడడం కోసం ఇంకో వీధిలో ఊపిరాడకుండా చేశారు. ఇంకో తమాషా కూడా ఉంది. భూసేకరణలో ఇంటి యజమానికి ఇచ్చే పరిహారం మార్కెట్ విలువని బట్టి, 1894 చట్టం ప్రకారం దానికి నూటికి 15 అదనం. అద్దె ఇల్లు విలువ కట్టేది వచ్చే అద్దెని బట్టి. ఎంతమందిని కుక్కితే అంత అద్దె, ఎంత అద్దె వస్తే అంత పరిహారం. ఇరుకు తీసేయడానికి పుట్టిన పథకం ఇరుకుకే ధర కట్టింది. డిజైన్ తప్పులేదు, ఎస్టిమేట్ తప్పులేదు. ఎవరు ఎక్కడ పడుకుంటారన్న ఒక్క గడి డ్రాయింగులో లేదు.

1901 లెక్కల్లో బొంబాయి జనాభా 7 లక్షల 76 వేలకి దిగింది. 1911కి 9 లక్షల 79 వేలు. ప్రకృతి కోత కోసింది అనుకుంటే పదేళ్లలో పంట మళ్లీ నిండింది. మనుషులొచ్చారు, ఎందుకంటే పని ఉంది. మళ్లీ అవే గదుల్లోకి వచ్చారు. అందుకే 1918లో సైనికుల ఓడలతో ఇన్‌ఫ్లుయెంజా దిగినప్పుడు బొంబాయిలో చావులు ఎవరెవరికి ఎలా వచ్చాయో చూస్తే ఆశ్చర్యం కలగదు. యూరోపియన్లలో వెయ్యికి 8 మంది చిల్లర. సవర్ణ హిందువుల్లో వెయ్యికి 19 మంది దాకా. అణగారిన కులాల వాళ్లలో వెయ్యికి 61 పైన. ఒకే నగరం, ఒకే గాలి, ఒకే జనసాంద్రత. ఆ ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటీ ఇరవై లక్షల మందికి తక్కువ కాకుండా తీసుకుపోయిందని అంచనా. 1911 నుంచి 1921 మధ్య దేశ జనాభా పెరగకపోగా తగ్గింది, 25 కోట్ల 21 లక్షల నుంచి 25 కోట్ల 13 లక్షలకి. మన జనగణన చరిత్రలో జనాభా తగ్గిన దశాబ్దం అదొక్కటే.

2011లో మనం 121 కోట్లు. 1921 కంటే దాదాపు ఐదింతలు. మాల్థస్ లెక్క నిజమైతే ప్లేగులు కూడా ఐదింతలు కావాలి. కాలేదు. మన తాతల తరంలో ఊళ్లకి ఊళ్లే ఖాళీ చేయించిన రోగాల పేర్లు ఇప్పుడు తిట్లలో మిగిలాయి. తెలంగాణలో "గత్తర" అంటే కలరా. ఇప్పటి పిల్లలకి గత్తర అంటే గందరగోళం. భాషలో ఒక రోగం ఇలా పలచబడిందంటే ఎక్కడో ఎవరో మంచినీళ్ల పైపులు వేశారని అర్థం.

ప్లేగు మాత్రం ఇంకోసారి తొంగి చూసింది, 1994 సెప్టెంబరులో సూరత్‌లో. దేశమంతా కలిపినా మరణాలు వందలోపే. కానీ భయం లక్షలమందిని రైళ్లెక్కించింది. అక్కడి మరమగ్గాల మీద పనిచేసే మన నేత కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చేసింది వినడానికి చాలా చప్పగా ఉంటుంది. రోజూ చెత్త ఎత్తించడం, రాత్రిపూట కూడా ఊడిపించడం, మురికివాడల్లో నీళ్లు, మరుగుదొడ్లు, అధికారులు పొద్దున్నే ఆఫీసులో కాకుండా వీధిలో ఉండటం. రెండేళ్లలో సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల జాబితాలోకి ఎక్కింది. 1991లో సూరత్ జనాభా 15 లక్షలు, 2011లో 44 లక్షలు దాటింది (మధ్యలో నగర సరిహద్దులు పెంచారు, అది కూడా కలుపుకోండి). మంది పెరిగారు, ప్లేగు మళ్లీ రాలేదు.

ఇక 2020. 1897 నాటి ఆ నాలుగు సెక్షన్ల చట్టమే దుమ్ము దులిపి రాష్ట్రాలన్నీ వాడాయి, మన రెండు రాష్ట్రాలూ దాని కిందే నిబంధనలు ప్రకటించాయి. ముంబైలో తొలి కరోనా రోగుల్ని చేర్చుకున్న కస్తూర్బా ఆస్పత్రి, 1896లో మిల్లు కూలీలు దాడి చేసిన ఆర్థర్ రోడ్డు ఆస్పత్రే. ఆ ఏడాది జులైలో ముంబైలోని మూడు వార్డుల్లో రక్త పరీక్షలు చేశారు, ఎంతమందికి కరోనా వచ్చి పోయిందో తెలుసుకోవడానికి. మురికివాడల్లో నూటికి 57 మందికి. అవే వార్డుల్లో అపార్ట్‌మెంట్లలో నూటికి 16 మందికి. మధ్యలో ఒక్క గోడ అడ్డం. ఒకవైపు ఇంటికో బాత్రూమ్, ఇంకోవైపు పదుల కుటుంబాలకి కలిపి ఒక మరుగుదొడ్డి.

ధారావిలో మొదటి కేసు ఏప్రిల్ 1న వచ్చింది. రెండున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని చోట లక్షల మంది, ఇంక అంతే సంగతులు అనుకున్నారు అందరూ. ఎవరి ఇంట్లో వాళ్లు దూరం పాటించండి అంటే పది అడుగుల గదిలో ఎక్కడ పాటిస్తారు? అది గ్రహించి, అనుమానం ఉన్నవాళ్లని గదుల్లోంచి బయటికి తెచ్చి స్కూళ్లలో, కల్యాణ మండపాల్లో, స్పోర్ట్స్ కాంప్లెక్సులో పెట్టారు. ఉమ్మడి మరుగుదొడ్లు రోజుకి ఎన్నోసార్లు కడిగారు. భోజనం పెట్టారు. ఆ వాడలోనే క్లినిక్కులు నడిపే, అక్కడివాళ్లకి తెలిసిన డాక్టర్లనే ఇంటింటికీ పంపారు. జూన్, జులై నాటికి కేసులు తగ్గాయి. ఇందులో కొంత ఘనత, అప్పటికే సగానికి పైగా జనానికి వచ్చిపోవడానిదీ, ఊళ్లకి వెళ్లిపోయిన లక్షల మందిదీ కావచ్చు. అయినా 1897లో శిబిరానికి తీసుకెళ్తే రాళ్లు పడ్డాయి, 2020 ధారావిలో పడలేదు. నా దృష్టిలో అది చిన్న సంగతి కాదు.

వెళ్లిపోయిన ఆ లక్షల మందిలో పాలమూరు వాళ్లు కూడా ఉన్నారు. కామాఠీలు నడిచిన దారే ఇది, నూట పాతికేళ్ల తర్వాత కూడా అదే పని, అదే నగరం. వాళ్లు మే నెలలో తిరిగొచ్చినప్పుడు తెలంగాణ హెల్త్ బులెటిన్‌లో వలసదారుల కేసులు అని విడిగా ఒక గడి పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లని విడిగా చూపారు. రోగాన్ని వెతికి పట్టుకోవడానికి ఆ వివరం అవసరమే, కాదనను. కానీ చదివే ఊరివాళ్లకి అది "మనవాళ్లు ఇందరు, బయటోళ్లు ఇందరు" అని వినిపించింది. అంతకు ముందే చాలా ఊళ్లు పొలిమేరల్లో ముళ్లకంప అడ్డం వేసుకున్నాయి. ఊరు కట్టడానికి పోయినవాడు అక్కడ గుంపులో ఒకడు, ఇక్కడ బయటోడు.

జనాభా తగ్గితే మంచిదా కాదా అన్నది వేరే చర్చ. దాన్ని మన రెండు రాష్ట్రాల వరకు ఇంక సాగదీయక్కర్లేదు కూడా, ఇక్కడ జంటకి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు. నేను వెతుకుతున్న అంకె వేరు. 2011 జనగణనలో ఇళ్ల జాబితా రాసేటప్పుడు ఒక ప్రశ్న అడిగారు, మీ కుటుంబానికి ప్రత్యేకంగా ఎన్ని గదులున్నాయి అని. దేశంలో నూటికి 37 కుటుంబాలు ఒకే గదిలో ఉన్నాయి. ఇంకో 4 కుటుంబాలకి ప్రత్యేకంగా ఒక్క గది కూడా లేదు. 2021 జనగణన కోసం మళ్లీ అడగాల్సిన ఆ ప్రశ్న మహమ్మారి వల్లే వాయిదా పడింది. ఇళ్ల లెక్క 2026లో మొదలవుతుందని ప్రకటించారు. లెక్కలు బయటికి వచ్చిన రోజు పేపర్లన్నీ మొత్తం జనాభా అంకెని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వేస్తాయి. గదుల పట్టిక ఎక్కడో లోపలి పేజీల్లో ఉంటుంది. రెండు రాష్ట్రాలయ్యాక జరిగే మొదటి గదుల లెక్క అది. నేను ముందు తిప్పేది ఆ పేజీయే.